పనివారిని గూర్చిన వ్రాతలు: సంఘ పర్యవేక్షకుల కొక పాఠము

సహకార సంఘము మనదని మనము తఱచుగాఁ జెప్పుకొందుము. అది నిజమే. సంఘము మనదైనపుడు దానియందు జీతమునకుఁ బనిచేయు కార్యదర్శియు, గుమాస్తాయు, ఎరువుల గోదాములోని సేల్సుమనును, కాటా వేయువాఁడును, రాత్రి కాపలాదారును మన పనివారే యగుదురు. ఎకరము మడి సేద్యము చేసికొను చిన్న రైతు సైతము ఈ విధమున నొక యజమాని యగుచున్నాఁడు. యజమానికి హక్కు లెన్ని కలవో బాధ్యతలు నన్నియే కలవు. ఆ బాధ్యతలలో మన సంఘములు మిక్కిలి యశ్రద్ధ చేయునది, పనివారిని గూర్చి వ్రాసిపెట్టు వ్రాత. ఈ నెల పాఠమున దానినే విచారింతము.

అప్పు పద్దుల విషయమున మన సంఘములు జాగరూకత గలవియే. రూపాయి వచ్చినను పోయినను రసీదు లేక యుండదు. కాని యా రూపాయిని లెక్కించు మనుష్యుని గూర్చి మాత్రము ఏండ్ల తరబడి యొక్క పంక్తియైన వ్రాయము. తుదకు ఒకనాఁడు కోపము వచ్చును. అప్పుడు తెల్లకాగితము తీసికొని, "ఇతఁడు సోమరి, అవిధేయుఁడు, నమ్మఁదగనివాఁడు" అని మూఁడు మాటలు వ్రాసి, పాలకవర్గమున తీర్మానము చేయించి, ఆ మనుష్యుని పంపివేయుదుము. ఆ కాగితమున తేది యుండదు, సాక్షి యుండఁడు, జరిగినదేమో యుండదు. నిర్దోషియైనచో ఆ మూఁడు మాటలవలన నొక కుటుంబము కూడు పోవును. దోషియే యైనచో, ఆ కాగితమునకు బలము లేనందున, విచారణలో సంఘమే యోడి, పనిచేయని కాలమునకు సైతము జీతము చెల్లించుకొనవలసి వచ్చును. ఆ సొమ్ము మన వాటాధనమునుండి పోవునదే. రెండు కీడులకును మూలము ఆ యొక్క కాగితమే.

కావున మేము చెప్పఁదలఁచినది యిది: పర్యవేక్షకుఁడు తాను చూచినదానిని, చూచిననాఁడే, పనివానికిఁ జూపి వ్రాయవలెను. తక్కిన పాఠ మంతయు ఈ వాక్యమునకు వివరణమే.

రైతులకు దీనిని తెలుపుట కష్టము కాదు. అడంగలులో మన పరోక్షమున నొక పంక్తి మాఱినచో మన గుండె యెట్లు తల్లడిల్లునో మన మెఱుఁగుదుము. మన పేరట నెవ్వరో యేమో వ్రాసిరి. ఎప్పుడు వ్రాసిరో తెలియదు. మన కెవ్వరును జెప్పలేదు. భూమి యమ్మఁబోవునాఁడో అప్పు తీసికొనఁబోవునాఁడో యది బయటపడినది. అప్పుడు మనము పడు క్షోభయే, తన పరోక్షమున వ్రాయఁబడిన కాగితమును చూచిన పనివాఁడు పడును. మన కక్కరలేని యన్యాయమును మన పనివానికి మనము చేయరాదు.

వన్ టౌన్ రేవు చెప్పు పాఠము

విశాఖపట్టణమున వన్ టౌన్ అని పిలువఁబడు పాతపట్టణము, కోటవీధితోను కురుపాం మార్కెట్టుతోను, రేవునకుఁ జేరువనే యున్నది. 1933వ సంవత్సరము అక్టోబరు 7వ తేదిని "జలదుర్గ" యను స్టీమరు ఇచ్చటి క్రొత్త రేవులోనికి వచ్చెను. అదే యేఁట డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనముగాఁ బ్రారంభించెను. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజమును విదేశములకుఁ బంపుట ఈ రేవును గట్టుటకు ముఖ్యకారణములలో నొకటి.

రేవుపని సేద్యపుఁబని వంటిది. ఓడ వచ్చిననాఁడు వందలకొలఁది చేతులు కావలెను; ఓడ లేనినాఁడు ఒక్కటియు నక్కఱలేదు. అందువలన దేశములోని రేవులందు ఏనాఁటికానాఁడు మనుష్యులను బిలిచికొను పద్ధతి ప్రబలియుండెను. పిలుచువాఁడు మేస్త్రి. ఎవఁడు బాగుగాఁ బనిచేయును, ఎవఁడు చేయఁడు అను నిర్ణయ మంతయు మేస్త్రి నోటనే యుండెడిది. ఆ నోటి మాటకు పుస్తకము లేదు, తేది లేదు, అప్పీలు లేదు. మేస్త్రికి మనసైనచో ముఠాలో స్థానము. మనసు కానిచో పస్తు. 1931లో వెలువడిన రాజకీయ కార్మిక సంఘపు నివేదిక, అనఁగా విట్లీ కమిషను నివేదిక, రేవు పనివారిని రిజిస్టరు చేసి వారికిఁ బని క్రమముగా దొరకునట్లు చేయవలెనని సిఫారసు చేసెను. అది నెఱవేఱుటకుఁ గొన్ని యేండ్లు పట్టెను. 1948లో రేవు పనివారి నియామక క్రమబద్ధీకరణ చట్టము వచ్చెను. దాని క్రింద విశాఖపట్టణమునకు 1959లో పథకమును, డాక్ లేబర్ బోర్డును ఏర్పడెను. ఆ బోర్డు తరువాతి కాలమున రేవు సంస్థలోనే విలీన మయ్యెను.

ఈ పథకములలో మనము నేర్చుకొనఁదగిన దొకటి కలదు. రిజిస్టరైన పనివారలకుఁ గార్డులు నిచ్చి, పనికి వంతుల ప్రకారము పిలుచు పద్ధతి యేర్పడెను. అంతియ కాదు, పనివారి సేవాచరిత్రను వ్రాసి యుంచు పద్ధతియు నేర్పడెను. దానిలో వానిపైఁ దీసికొనిన శిక్షాచర్యలతోఁ బాటు పొందిన పైపదవులును, మంచిపనికి లభించిన మెప్పును సైతము వ్రాయవలసి యుండెను. దీనిలోని వివేకమును జూడుఁడు. మొదటిది, వ్రాత కోపము తెప్పించినవానికి మాత్రమే కాక యందఱకును గలదు. రెండవది, తప్పును మెప్పును ఒక్క పుస్తకముననే యుండును. మూఁడవది, ఏమి వ్రాయవలెనో ముందే నిర్ణయింపఁబడియుండుటచే, వ్రాయువాని మనసు నాఁటికొక రీతిగా మాఱినను వ్రాత మాఱదు.

రేవులో మఱియొక చిన్న పద్ధతి కలదు. ఓడనుండి బస్తాలు దిగునపుడు ఓడ తరపున నొక టాలీ గుమాస్తాయు, ఒడ్డు తరపున నొక టాలీ గుమాస్తాయు నిలిచి, ప్రతి యెత్తును దిగిన క్షణముననే గీఁతలు గీసి లెక్క వ్రాయుదురు. పని ముగియఁగానే రెండు లెక్కలను సరిచూతురు. తేడా యున్నచో నక్కడనే తేల్చుకొందురు. సాయంకాలము ఇంటికిఁ బోయి జ్ఞాపకముపై వ్రాయువాఁడు టాలీ గుమాస్తా కాఁజాలఁడు. ఒక తరపు లెక్కయే యున్నచో అది లెక్కయే కాదు. పనివారిని గూర్చిన వ్రాతయు నిట్టిదే. పర్యవేక్షకుఁడు చూచినది యొక లెక్క. పనివాఁడు చెప్పినది రెండవ లెక్క. రెండును ఒక్క పుటపై నుండవలెను.

న్యాయస్థానముల మాట

సంఘమునకును పనివానికిని వచ్చు తగవులన్నియు రిజిస్ట్రారు కచేరిలోనే తీఱునని మనవారిలోఁ గొందఱ నమ్మకము. ఆంధ్రప్రదేశములోని 25 సహకార కేంద్రబ్యాంకులకును వాని యుద్యోగులకును జీతభత్యాది విషయములఁ గలిగిన వివాదములో, 1969వ సంవత్సరమున సుప్రీముకోర్టు ఈ ప్రశ్నను విచారించెను. ఉద్యోగుల సేవానియమములను మార్పుచేయు వివాదము 1964 నాఁటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘముల చట్టము క్రింద రిజిస్ట్రారు తీర్పునకు వచ్చునది కాదనియు, దానిని పారిశ్రామిక న్యాయస్థానము విచారింపవచ్చుననియుఁ జెప్పెను. సంఘపు బైలాలు చట్టముతో సమానమైనవి కావనియుఁ జెప్పెను. దీనివలన మనము గ్రహింపవలసినది: మన బీరువాలోని కాగితమును మన యూరు నెఱుఁగనివారు, మన యధ్యక్షుని మంచితనము నెఱుఁగనివారు ఒకనాఁడు చదువవచ్చును. ఆ చదువరికి కాగితముపై నున్నదే నిజము. మన మనసులో నున్నది కాదు.

1971లో పారిశ్రామిక వివాదముల చట్టమునకు సవరణ జరిగి, పనినుండి తొలఁగించుట న్యాయమా కాదా యని న్యాయస్థానము స్వయముగాఁ బరిశీలించి, శిక్షను తగ్గించుటకును, మరలఁ బనిలోఁ జేర్పించుటకును అధికారము కలిగెను. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధముల స్మృతిలోను అట్టి యధికారము నిలిచియున్నది. పనివానిని తొలఁగించిన సంఘము, ఎందులకుఁ దొలఁగించినదో చూపఁగల వ్రాతను గలిగియుండవలెను.

మఱియొక తీర్పు 2008లో వచ్చినది. సరిహద్దు రోడ్ల సంస్థలో ఇంజనీరొకఁడు పైపదవికి వంతు వచ్చినను పొందఁజాలకపోయెను. కారణమేమనఁగా, ఒక సంవత్సరపు రహస్య నివేదికలో నతని పనిని గూర్చి "మంచిది" అని వ్రాయఁబడియుండెను. పైపదవికి "చాల మంచిది" అను మాట కావలసియుండెను. మంచిదని వ్రాసిన మాటయే యతనికిఁ గీడయ్యెను. అట్టి వ్రాత కలదని యతనికిఁ దెలియనే తెలియదు. ప్రభుత్వోద్యోగిని గూర్చిన ప్రతి వ్రాతను, అది చెడ్డదైనను మంచిదైనను, తగిన కాలములో నతనికిఁ దెలియఁజేయవలసినదే యని సుప్రీముకోర్టు నిర్ణయించెను. తెలిసినఁగదా తన మాట చెప్పుకొనుటకును, తన్ను తాను సరిదిద్దుకొనుటకును వీలగును! ఇది ప్రభుత్వోద్యోగుల విషయమునఁ జెప్పిన మాట. అయినను దానిలోని న్యాయము గ్రామసంఘమునకుఁ దగనిది కాదు.

ఎట్లు వ్రాయవలెను

ఇఁక పనిలోనికి వత్తము. ఒక సంఘమును ఊహించుకొందము. దాని యెరువుల గోదామును చూచు సేల్సుమనును గూర్చి పర్యవేక్షకుఁ డిట్లు వ్రాసెను:

"సేల్సుమను ఎప్పుడును ఆలస్యముగా వచ్చును. లెక్కలు సరిగా నుంచఁడు. రైతులతో దురుసుగా మాటలాడును. ఎన్నిమాఱులు చెప్పినను వినఁడు."

దీనిని అపరిచితుఁడొకఁడు చదివె ననుకొనుఁడు. ఎప్పుడును అనఁగా నేమి? ప్రతిదినమా, వారమున కొకనాఁడా? ఎంత యాలస్యము? ఏ లెక్క, ఎంత తేడా? ఏ రైతుతో నేమనెను? ఎన్నిమాఱులు, ఎవరు, ఏనాఁడు చెప్పిరి? నాలుగు వాక్యములలో నొక్క సంగతియు లేదు. ఉన్నదంతయు వ్రాసినవాని యభిప్రాయమే. అదే విషయమును ఇట్లు వ్రాయవచ్చును:

"జూన్ 18, మంగళవారము. ఉదయము 9 గంటలకుఁ దెఱవవలసిన గోదాము 9-50కిఁ దెఱవఁబడినది. నేను 9-10 మొదలుకొని యక్కడ నుంటిని. యూరియాకై వచ్చిన రైతులు 14 మంది వేచియుండిరి. వారిలో నిద్దఱు దీనిక్రింద సంతకము చేసిరి. ఈ నెల 5వ తేదిని 40 నిమిషము లాలస్యమైనపుడు నోటిమాటగాఁ జెప్పితిని. అది యానాఁటి పుటలోఁ గలదు. కారణ మడుగఁగా, తాను వచ్చు మొదటి బస్సు 3వ తేదినుండి నిలిపివేయఁబడినదనియు, రెండవ బస్సు 9-40కిఁ గాని చేరదనియు సేల్సుమను చెప్పెను. అధ్యక్షుని యనుమతితో జూలై 1 వఱకు గోదామును 10 గంటలకుఁ దెఱచి, సాయంకాలము ఒక గంట యదనముగా నుంచుటకు నిర్ణయించితిమి. ఈలోపుగా వేఱు ప్రయాణసాధనమును చూచుకొనెదనని యతఁ డొప్పుకొనెను. జూలై 2న మరలఁ జూడవలెను."

రెండు వ్రాతలకును గల భేదము స్పష్టము. మొదటిది మనుష్యునిపై ముద్ర వేసినది. రెండవది సంగతిని నిలిపినది. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. "సోమరి" యని వ్రాసినవాఁడు బస్సు సంగతిని ఎన్నటికిని తెలిసికొనఁజాలఁడు. కారణ మడిగి వ్రాసినవాఁడు తెలిసికొనెను. రైతులకు వేచియుండు బాధ తప్పెను. పనివానికి కొలువు నిలిచెను. జూలై 2 తరువాతను ఆలస్యమే యైనచో, సంఘము తగిన యవకాశ మిచ్చినదని ఆ పుటయే సాక్ష్య మిచ్చును. మంచి వ్రాత దోషిని బట్టియిచ్చును; నిర్దోషిని విడిపించును; తఱచుగా తగవునే తప్పించును.

లెక్కల విషయము మఱింత జాగ్రత్తగాఁ జూడఁదగును. నిలువ పుస్తకములో డి.ఏ.పి. బస్తాలు 212 అని యున్నవి. ఎంచఁగా 208 మాత్రమే యున్నవి. "సేల్సుమను నాలుగు బస్తాలు కాఁజేసెను" అని వ్రాయఁదగునా? తగదు. మనము చూచినది లోటు, దొంగతనము చూడలేదు. "పుస్తకము 212, ఎంచినది 208, లోటు 4. ఎంచినవారు ఇద్దఱు. చినిగి పొడి యెత్తిపెట్టిన సంచులు రెండు మూలనుండఁగా సేల్సుమను చూపెను. అవి పుస్తకములో వ్రాయఁబడలేదు. తక్కిన రెండిటికి సమాధానము చెప్పుటకు మూఁడు దినముల గడువు కోరెను" అని వ్రాయవలెను. లోటు సంగతి, దొంగతనము తీర్పు. తీర్పు విచారణ తరువాత రావలసినది, మొదటి పుటలో రాఁదగినది కాదు.

పుటకుఁ బుటకు జ్ఞాపకముంచుకొనవలసిన యంశములు ఏడు:

1. ఏమి జరిగినది, లేక యేమి జరుగవలసి జరుగలేదు.
2. ఏ తేదిని, ఏ గంటకు, ఏ స్థలమున.
3. చూచినవా రెవరు. వినికిడియైనచో ఎవరివలన విన్నది.
4. ఏ నియమమునకు లేక యే యాజ్ఞకు విరుద్ధము. ఆ నియమము పనివానికి ముందుగాఁ దెలుపఁబడినదా.
5. దానివలన సంఘమునకో రైతులకో కలిగిన నష్ట మేమి.
6. పనివాఁడు చెప్పిన సమాధానము, సాధ్యమైనంతవఱకు అతని మాటలలోనే.
7. ఇఁకఁ జేయవలసిన దేమి, దానికి సంఘము చేయు సాయ మేమి, మరలఁ జూచు తేది యేది.

ఏమి వ్రాయరాదు

పనివాని కులమును, కుటుంబ వ్యవహారములను, ఇంటి యప్పులను, పనికి సంబంధింపని వ్యాధులను వ్రాయరాదు. సంఘపు టెన్నికలలో నతఁ డే పక్షము వాఁడో వ్రాయరాదు. వ్రాయుటయే కాదు, వ్రాయుచున్నపుడు తలఁపునకు సైతము రానీయరాదు. మన గ్రామములలో పాలకవర్గములు మాఱునపుడు పాత గుమాస్తాపైఁ గ్రొత్త ఫిర్యాదులు మొలచుట మన మెఱుఁగనిది కాదు. పుస్తకము క్రమముగా నడచు చోట నట్టి ఫిర్యాదు నిలువఁజాలదు. ఐదేండ్ల పుటలు దానికి బదులు చెప్పును.

"ఎప్పుడును", "ఎన్నఁడును", "అందఱు ననుకొందురు" అను మాటలను విడువవలెను. పనివాని మనసులోని యుద్దేశమును మన మూహించి వ్రాయరాదు. "నిర్లక్ష్యముతో" అనుటకు మాఱుగా, గోదాము తలుపునకు తాళము వేయఁబడలేదని వ్రాసిన చాలును.

పాత తేది వేసి క్రొత్తగా వ్రాయుట మహాదోషము. మఱచినచో నేఁటి తేదినే వేసి, "ఇది గడచిన సోమవారము జరిగినది, ఈనాఁడు వ్రాయుచున్నాను" అని చెప్పుట గౌరవము. తప్పు పడినచో దానిపై నొక్క గీఁత గీసి, ప్రక్కన సరిగా వ్రాసి, పొడి సంతకము చేయవలెను. చెరిపి దిద్దరాదు. పుట చింపరాదు. ఒక్క చెరుపుడు పుస్తకమున కంతటికిని మచ్చ తెచ్చును.

అందఱకు నొక్కటే కొలత యుండవలెను. అధ్యక్షుని బంధువు అర్ధగంట యాలస్యముగా వచ్చినపుడు పుట తెల్లగానుండి, వేఱొకఁడు పది నిమిషము లాలస్యమైనపుడు పుట నిండినచో, ఆ పుస్తకము పనివానిని గాక వ్రాసినవానినే పట్టియిచ్చును.

మంచిపనికిని పుట కలదు

రేవు పథకములలో మెప్పును సైతము వ్రాయవలెనను నియమ ముండెనని పైనఁ జెప్పితిమి. మన సంఘములలో నిది దాదాపు శూన్యము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణముపైఁ బడినది. అట్టి రాత్రులలో రేకులు లేచిపోవు గోదాములందు నిలిచి, సంచులపై టార్పాలినులు కప్పి, తడియనివానిని వేఱుచేసిన కాపలాదారులు మన గ్రామములలో లేకపోలేదు. వారి పేరులు ఎన్ని రిజిస్టరులలో నున్నవి? తాళము మఱచినది మాత్రము మఱునాఁడే వ్రాయుదుము! మంచిని వ్రాయని పుస్తకము సగము లెక్క వ్రాసిన పుస్తకము. జమ లేక ఖర్చే వ్రాసిన చిట్టాను ఆడిటరు ఒప్పుకొనునా?

మంచిని వ్రాయునపుడును పై నియమములే వర్తించును. "చాల మంచివాఁడు" అను మాట వ్యర్థము. "మే నెలలో వసూలు చీటీ లన్నియు ఏనాఁటి వానాఁడే పుస్తకమున కెక్కించెను, ఆడిటులో నొక్క తేడాయు రాలేదు" అనునది సార్థకము. ఇట్టి వ్రాత జీతము పెంచునపుడును, పైపదవి యిచ్చునపుడును పక్షపాతపు మాటకుఁ దావీయదు.

పనివానికిఁ జూపుట

వ్రాసిన పుటను ఆనాఁడో మఱునాఁడో పనివానికిఁ జూపవలెను. చదువరానివానికి సాక్షి యెదుట నెమ్మదిగాఁ జదివి వినిపింపవలెను. అందులకే పుట తెలుఁగున నుండవలెను. ఆంగ్లమున వ్రాసి సంతకము పెట్టించుట మోసముతో సమానము. "చదివితిని" అని సంతకమో వ్రేలిముద్రయో తీసికొనునపుడు, ఆ సంతకము ఒప్పుదల కాదనియు, చూచినట్లు గుర్తు మాత్రమే యనియు స్పష్టముగాఁ జెప్పవలెను. ఒప్పుకొననిచో తన మాటను అదే పుటలో వ్రాయుటకు స్థలము విడువవలెను. సంతకము చేయ ననినచో నిర్బంధింపరాదు. చేయ ననెనని వ్రాసి సాక్షిచే సంతకము చేయించిన సరిపోవును. నకలు కోరినచో నీయవలెను. సంఘమున పనిచేయు స్త్రీలను గూర్చి వ్రాయునపుడును, వారితో మాటలాడునపుడును, వారు కోరిన తోడును రానిచ్చుట మర్యాద.

ఎదుట నలుగురిలోఁ గసరుట చూపుట కాదు. వాట్సాపు గుంపులో తప్పు ప్రకటించుట అంతకంటెను జెడ్డది. అది హెచ్చరిక కాదు, అవమానము; పైఁగా నది సంఘపుస్తకమునకుఁ జేరిన వ్రాతయుఁ గాదు.

చిన్న తప్పునకు ఈ పుటయే చాలును. తొలఁగింపు వంటి పెద్ద శిక్షకుఁ జాలదు. అప్పుడు సంఘపు సేవానియమముల ప్రకారము, ఆరోపణ లేవో తేదులతో వ్రాసి నోటీసు ఈయవలెను, సమాధానమునకు గడువీయవలెను, ఫిర్యాదు చేసినవాఁడే విచారించువాఁడు కారాదు, సాక్షులను బనివాఁడు ప్రశ్నించుటకు వీలు కల్పింపవలెను, విచారణ ఫలితమును అతనికిఁ దెలుపవలెను. పూర్వపుఁ దప్పులను జూచి శిక్ష పెంచఁదలఁచినచో ఆ సంగతియు ముందుగాఁ దెలుపవలెను. ఆఱేండ్ల క్రిందటి దాఁచిన కాగితమును ఆఖరి దినమునఁ దీయుట న్యాయము కాదు. విచారణకై పక్కనఁబెట్టుట శిక్ష కాదు. ఆ కాలమున జీవనభృతి యీయవలసియుండును. ఇన్ని మెట్లు ఎక్కునపుడు ప్రతి మెట్టునను అక్కరకు వచ్చునది ఏనాఁటి కానాఁడు వ్రాసిన ఆ చిన్న పుటయే.

భద్రపఱచుట

ఒక్కొక్క పనివాని కొక్కొక్క కట్ట యుండవలెను. దానిలో నియామకపు టుత్తరువు, పని వివరము, సెలవు పత్రములు, ఈ పుటలు, అతని సమాధానములు వరుసగా నుండవలెను. బీరువా తాళము నియమితులైన వారియొద్దనే యుండవలెను. కట్టను చూచుటకు హక్కు గలవా రెవరో తీర్మానమున వ్రాసియుంచవలెను. పనివాఁడు తన కట్టను తాను చూచుకొనుట కెప్పుడును అభ్యంతర ముండరాదు.

2022 జూన్ నెలలో కేంద్రప్రభుత్వము దేశములోని 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను 2,516 కోట్ల రూపాయల వ్యయముతో కంప్యూటరీకరించుటకు ఆమోద మిచ్చినది. కంప్యూటరు తేదిని తానే వేయును. కూడికను తానే చేయును. కాని "సోమరి" యను మాటను సంగతిగా మార్పఁజాలదు. వాక్యము మనదే. యంత్ర మెంత క్రొత్తదైనను చూపు, న్యాయబుద్ధి మనుష్యునివే.

దీనికి ఖర్చు చాల స్వల్పము. ఒక గట్టి అట్ట పుస్తకము, వారమున కొక పావుగంట. ఆ పావుగంట లేదను పర్యవేక్షకుఁడు, తరువాత తగవు వచ్చినపుడు ఏండ్లకొలఁది తీరిక చేసికొనవలసి వచ్చును.

సంఘములలోఁ జర్చింపఁదగిన ప్రశ్నలు

1. మన సంఘమున పనిచేయు వారెందఱు? వారిలో ఎందఱకు వారి పని యేమో వ్రాసి యిచ్చితిమి?
2. గడచిన సంవత్సరమున మన పనివారిని గూర్చి వ్రాయఁబడిన పుట లెన్ని? వానిలో మంచిని జెప్పున వెన్ని?
3. "మాట వినఁడు" అను వాక్యమును పై యేడంశముల ప్రకారము తిరిగి వ్రాయుఁడు. వ్రాయ వీలు కానిచో, వీలు కాకపోవుటకుఁ గారణ మేమి?
4. మన పుస్తకమును రేపు అపరిచితుఁ డొకఁడు చదివినచో నేమని తలఁచును?

ఈ ప్రశ్నలను వచ్చు పాలకవర్గ సమావేశమున చదివి, సభ్యులు తమలోఁ దాము బదులు చెప్పుకొందురు గాక. పిమ్మట కార్యదర్శిచే నొక క్రొత్త పుస్తకమును దెప్పించి, మొదటి పుటలో తప్పును గాక, ఈ నెల మన పనివారిలో నొకరు చేసిన మంచిపనిని, తేదితో సహా, వ్రాసి ప్రారంభింతురు గాక.